ఎస్సై గారి తాడు కథ: గన్ సైజుకీ హోల్‌స్టర్‌కీ ఏంటి సంబంధం?

ఈరోజు టాపిక్ మా ఊరి నుంచే మొదలుపెడతా. మాది చంద్రశేఖరపురం, అదే సి.ఎస్.పురం. చిన్నప్పుడు తిరునాళ్ల బందోబస్తుకి ఒక ఎస్సై గారు వచ్చారు. అందరూ ప్రభ చూస్తుంటే నేను ఆయన నడుము చూస్తున్నా. లావుపాటి తోలు పౌచ్, అందులో రివాల్వర్, దాని పిడి నుంచి భుజం దాకా ఒక తాడు. "తాతా, ఆ తాడు ఎందుకు?" అనడిగా. "పడిపోకుండా రా అబ్బయా" అన్నాడు. అంత పెద్ద పౌచ్‌లో పెట్టి, పైన మూత వేసి, మళ్లీ తాడు కూడానా? ఆ డౌట్ నాకు చాలా ఏళ్లు అలాగే ఉండిపోయింది. దాని జవాబు కోసం 1858కి వెళ్లాలి.

శామ్ బ్రౌన్ అని ఒక బ్రిటిష్ గుర్రపు దళం ఆఫీసర్. 1857 తిరుగుబాటు తర్వాత జరిగిన పోరాటాల్లో, 1858లో, ఆయన ఎడమ చెయ్యి పోయింది. అప్పట్లో కత్తి ఒర నడుము నుంచి వేలాడుతుండేది. ఎడమ చేత్తో ఒర పట్టుకుంటేనే కుడి చేత్తో కత్తి బయటికొస్తుంది. ఒక్క చెయ్యే ఉన్నవాడు ఏం చేస్తాడు? ఒర ఊగకుండా గట్టి తోలు బెల్టు, దాని బరువు మోయడానికి భుజం మీదుగా ఒక పట్టీ వేయించుకున్నాడు. అదే బెల్టుకి ఇంకోవైపు రివాల్వర్ హోల్‌స్టర్ వచ్చింది. ఇవాళ పరేడ్‌లో మన పోలీస్ ఆఫీసర్లు వేసుకునే క్రాస్ బెల్ట్ ఉంది చూశారా, అది ఆయన పేరు మీదే, శామ్ బ్రౌన్ బెల్ట్.

మరి తాడు? అదీ గుర్రం కథే. గుర్రం మీద పోతూ గన్ చేయి జారితే దిగి వెతుక్కునే టైం ఉండదు కదా. అందుకే పిడి కింద రింగు, రింగుకి తాడు. గుర్రాలు పోయాయి, తాడు మాత్రం సి.ఎస్.పురం తిరునాళ్ల దాకా వచ్చింది.

ఇక్కడ ఒక విషయం. 1878 ఆయుధాల చట్టంతో లైసెన్స్ లేకుండా భారతీయులు తుపాకీ పెట్టుకోవడం నేరమైంది. మా ప్రాంతం అప్పుడు మద్రాస్ ప్రెసిడెన్సీ, నెల్లూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా వచ్చేదాకా నెల్లూరు జిల్లాలోనే ఉంది. పల్లెటూరి జనానికి చేతి తుపాకీ అంటే దొర నడుముకో, ఇన్‌స్పెక్టర్ నడుముకో కనిపించేదే.

ఆ నడుము మీద గన్ మాత్రం మారుతూ వచ్చింది. 1915లో వెబ్లీ మార్క్ 6. పాయింట్ 455 క్యాలిబర్, 6 అంగుళాల బ్యారెల్, కిలో పైనే బరువు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక బ్రిటిష్ ఆర్మీకి ఒకటి అర్థమైంది, ఇంత పెద్ద గన్‌తో కొత్తవాళ్లకి గురి నేర్పడం కష్టం. దాంతో 1932లో ఎన్‌ఫీల్డ్ నంబర్ 2 వచ్చింది. పాయింట్ 38, 5 అంగుళాల బ్యారెల్, ముప్పావు కిలో. ట్యాంకుల్లో తిరిగే సైనికులకి వెనకాల పొడుచుకొచ్చిన హ్యామర్ కొన దేనికో ఒకదానికి తగులుకుంటోందని, 1938లో ఆ కొన తీసేసిన మోడల్ కూడా చేశారు. బట్టలకీ తోలుకీ తగిలే చోటుని బట్టి గన్ ఆకారమే మారిందన్నమాట.

ఇప్పుడు మెయిన్ పాయింట్. ఫోన్ కేస్ కొనేటప్పుడు "6.5 అంగుళాల ఫోన్‌కి కేస్ ఇవ్వన్నా" అంటే షాప్ అతను నవ్వుతాడు. మోడల్ చెప్పమంటాడు. స్క్రీన్ ఒకటే అయినా కెమెరా చోటు వేరు, బటన్ల చోటు వేరు. గన్‌కి కూడా అంతే. క్యాలిబర్ అంటే గుండు సైజు. ఫ్రేమ్ అంటే బ్యారెల్‌నీ, ట్రిగ్గర్‌నీ, పిడినీ కలిపి పట్టుకునే ఒళ్లు. హోల్‌స్టర్ కుదరాల్సింది గుండుకి కాదు, ఈ ఒంటికి.

గ్లాక్ తీసుకోండి. 1982లో ఆస్ట్రియా సైన్యం తీసుకున్న పిస్టల్, మన ఎన్‌ఎస్‌జీ కమాండోలూ వాడతారు. గ్లాక్ 17, 19, 26 మూడూ 9 ఎంఎం. కానీ బ్యారెల్ 114, 102, 87 మిల్లీమీటర్లు. ఫుల్ సైజు, కాంపాక్ట్, సబ్ కాంపాక్ట్. 19 కోసం కుట్టిన పౌచ్‌లో 17 పెడితే మూతి బయటికి పొడుచుకొస్తుంది. రివాల్వర్‌లో అయితే గుండ్రటి సిలిండర్ లావు ముఖ్యం. స్మిత్ అండ్ వెసన్ వాళ్ల చిన్న జె ఫ్రేమ్‌లో మామూలుగా 5 గుళ్లు, కొంచెం పెద్ద కె ఫ్రేమ్‌లో 6. ఆ ఒక్క గుండు తేడాకే పొట్ట లావైపోతుంది, జె పౌచ్‌లో కె దిగదు.

"దిగకపోతే ఏమైతది బ్రో?" అంటారా? పాత రివాల్వర్ ట్రిగ్గర్ చాలా బరువు, గట్టిగా లాగితేగానీ పేలదు. అందుకే పాత పౌచ్ పని దుమ్ము, వాన ఆపడమే. గ్లాక్‌కి విడిగా నొక్కే సేఫ్టీ మీట ఉండదు, సేఫ్టీ ట్రిగ్గర్‌లోనే ఉంటుంది. వదులుగా ఉన్న తోలు మడత ట్రిగ్గర్ మీద పడిందంటే అదే వేలు అవుతుంది. పెట్టుకున్నవాడి తొడలోకే దిగుతుంది గుండు. అంటే దుమ్ము ఆపే సంచి కాస్తా ట్రిగ్గర్‌కి తలుపు అయింది.

మన దగ్గర 9 ఎంఎం ప్రొహిబిటెడ్ బోర్, మామూలు జనానికి ఇవ్వరు. లైసెన్స్ ఉన్నవాళ్ల దగ్గర ఎక్కువ కనిపించేది కాన్పూర్‌లో తయారయ్యే పాయింట్ 32 రివాల్వర్. వెబ్లీ మార్క్ 4 పోలికలే దానికి. 2014లో అక్కడి నుంచే నిర్భీక్ వచ్చింది, అదీ పాయింట్ 32, బరువు దాదాపు 500 గ్రాములు. రెండూ పాయింట్ 32యే కదా అని ఒకదాని పౌచ్ ఇంకోదానికి వాడేయకండి. 2016 ఆయుధాల రూల్స్ ప్రకారం పబ్లిక్‌లో చేతి తుపాకీ హోల్‌స్టర్ లాంటి దాంట్లోనే ఉండాలి, పైకి చూపిస్తూ తిప్పకూడదు.

మీ ఇంట్లో పెదనాన్నకో మామయ్యకో లైసెన్స్ ఉంటే, గుళ్లు తీసేసిన గన్‌తో ఆయన్నే చూడమనండి. ట్రిగ్గర్ చుట్టూ ఉన్న రింగు పూర్తిగా మూసుకుందా? పౌచ్ తలకిందులు చేస్తే జారుతోందా? తోలు మెత్తబడి లోపలికి మడత పడుతోందా? ఏ ఒక్కటి తేడా కొట్టినా ఆ పౌచ్ మార్చేయమనండి. మీరు మాత్రం చెయ్యి పెట్టకండి, లైసెన్స్ ఆయనది.

మా తాత చెప్పింది కరెక్టే, తాడు పడిపోకుండానే. కానీ ట్రిగ్గర్‌ని ఆపడం తాడు వల్ల కాదు. మీ ఊళ్లో పాత పోలీస్ బెల్టులు, పౌచ్‌లు ఎవరి దగ్గరైనా ఉంటే కామెంట్‌లో చెప్పండి. ఉంటానండి, బై.