మెలనోమాకు జంట ఇమ్యునోథెరపీ: ప్రయోగాల చరిత్ర

చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్ మెలనోమా. అది ఊపిరితిత్తులకో కాలేయానికో పాకితే, 2010 వరకు డాక్టర్ల చేతిలో ఉన్నవి డకార్బజీన్, ఇంటర్‌ల్యూకిన్-2 వంటి కొద్దిపాటి మందులే. 2011లో అమెరికాలో అనుమతి పొందిన ఇపిలిముమాబ్, రోగనిరోధక వ్యవస్థలోని టి-కణాలకు సిటిఎల్ఎ-4 అనే ప్రోటీన్ వేసే బ్రేకును తీసేస్తుంది. 2014లో వచ్చిన నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ పిడి-1 అనే మరో బ్రేకు మీద పనిచేస్తాయి. ఈ దారి చూపిన జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ వచ్చింది.

రెండు బ్రేకులూ ఒకేసారి తీస్తే ఏమవుతుందో తేల్చింది చెక్‌మేట్-067 ట్రయల్. 2013లో మొదలైన ఈ ప్రయోగంలో 945 మంది రోగులు చేరారు. 2024లో వెలువడిన పదేళ్ల ఫలితాల ప్రకారం జంట మందులు తీసుకున్నవారిలో 43 శాతం, నివోలుమాబ్ మాత్రమే తీసుకున్నవారిలో 37 శాతం, ఇపిలిముమాబ్ మాత్రమే తీసుకున్నవారిలో 19 శాతం బతికి ఉన్నారు. క్యాన్సర్ వైద్యంలో ఇది అపూర్వమైన మలుపు. మూడో బ్రేకు లాగ్-3 మీద పనిచేసే రెలట్లిమాబ్‌ను నివోలుమాబ్‌తో కలిపి ఇవ్వడానికి 2022లో అమెరికా అనుమతించింది.

ఈ అంకెలను ఇక్కడి రోగికి యథాతథంగా చెప్పడం మాత్రం సరికాదు. ట్రయల్‌లో చేరినవారు అత్యధికులు తెల్లజాతివారు. వారి మెలనోమా చాలావరకు ఎండ దెబ్బకు పుట్టేది. అందులో జన్యుమార్పులు ఎక్కువ కాబట్టి టి-కణాలు దాన్ని తేలిగ్గా పసిగడతాయి. మన దగ్గర ఈ జబ్బే అరుదు. వస్తే తరచుగా అరికాలిలోనో, గోరు కిందో నల్లమచ్చగా మొదలవుతుంది. ముల్లు గుచ్చుకున్న మచ్చ అనో, ఆనెకాయ అనో వదిలేస్తే లోతుకు దిగుతుంది. ఈ రకం ఇమ్యునోథెరపీకి అంతగా లొంగదు.

క్లినికల్ ట్రయల్ అనగానే కరీంనగర్ జిల్లాలో 2017 నాటి జమ్మికుంట ఉదంతం గుర్తుకొస్తుంది. అప్పుడు డబ్బు కోసం బెంగళూరు వెళ్లి మందులు మింగినవారు ఆరోగ్యవంతులైన యువకులు. మెలనోమా ట్రయళ్లు ఆ కోవలోవి కావు; వీటిలో చేరేది జబ్బుపడ్డవారే.

చెక్‌మేట్-067లో జంట మందులతో సగానికి పైగా రోగుల్లో తీవ్రమైన దుష్ప్రభావాలు కనిపించాయి. విడుదలైన టి-కణాలు పేగు మీద పడితే విరేచనాలు పట్టుకుంటాయి. హైదరాబాద్‌లో సెలైన్‌తో మందు ఎక్కించుకుని, సుమారు 300 కిలోమీటర్ల దూరంలోని ఆదిలాబాద్‌కు తిరిగొచ్చిన రోగికి ఇది మామూలు విరేచనాల్లాగే కనిపిస్తుంది. కట్టే బిళ్ల వేసుకుని ఊరుకుంటే పేగుకు చిల్లు పడవచ్చు. అందుకే ఏ మందు వాడుతున్నదీ రాసిన చీటీ జేబులో ఉండాలి. దగ్గర్లోని డాక్టరు దాన్ని చూసి, క్యాన్సర్ డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడి, ఆలస్యం చేయకుండా స్టెరాయిడ్లు మొదలుపెట్టాలి.