నేల ఉసిరి చేదు వెనక కథ

మా అత్తిలి వైపు పొలం గట్ల మీద నేల ఉసిరి కలుపులా మొలుస్తుంది. కామెర్లొస్తే పసరు పోసేవాళ్లు వెతికేది దీన్నే. ఆకు నమిలితే చేదు. ఆ చేదు ఎక్కడిది?

దీని మీద మన వాల్తేరులోనే పని జరిగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జి.వి. కృష్ణమూర్తి, టి.ఆర్. శేషాద్రి ఈ మొక్కలోని చేదు పదార్థం ఫిల్లాంథిన్ మీద 1946లో పరిశోధన ప్రచురించారు. 1960ల్లో అక్కడే ఎల్. రామచంద్రరావు బృందం దాని అణువు నిర్మాణాన్ని తేల్చింది. అది లిగ్నాన్ అనే రసాయనాల కుటుంబానికి చెందినదని తెలిసింది.

ఇదే కుటుంబంలో ఇంకొకటుంది, పోడోఫిల్లోటాక్సిన్. అది దొరికేది హిమాలయాల్లో, చల్లటి ఎత్తుల్లో పెరిగే వనకక్రి అనే మొక్క వేరులో. దాన్నుంచి తయారైన కేన్సర్ మందు ఎటోపొసైడ్‌కి 1983లో అమెరికాలో అనుమతి వచ్చింది. సరుకంతా వేరులోనే కదా, తవ్వితే మొక్కే పోతుంది. అలా తవ్వీ తవ్వీ వనకక్రి అరుదైపోయింది. 1990 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం మీద సైట్స్ ఒప్పందం నియంత్రణ ఉంది.

అయితే మన గట్టు మీద మొక్క కూడా కేన్సర్ మందేనా? ఆగండి. ఇంటిపేరు ఒకటైతే గుణం ఒకటవుతుందా? పోడోఫిల్లోటాక్సిన్ కడుపులోకి వెళ్తే విషం. దాని అణువును ల్యాబ్‌లో మార్చాకే ఎటోపొసైడ్ అయింది.

వాల్తేరు వాళ్లు చెప్పింది చేదు ఎక్కడిదో. పసరు తాగితే రోగం పోతుందని కాదు. ఇంట్లో ఎవరికైనా కళ్లు పచ్చబడితే ముందు డాక్టర్ దగ్గరికి, రక్త పరీక్షకి తీసుకెళ్లండి.