పోరాటం ఆపారు, వంట ఆపమనలేదు

2021 మేలో బెంగాల్ ఎన్నికల ఫలితాలు వచ్చిన రాత్రి మా పై అంతస్తులో ఉండే బెంగాలీ స్నేహితురాలు కిందికి దిగి వచ్చింది. ఆమె, నేను ఒకే కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాం. 1977 నుంచి 2011 దాకా 34 ఏళ్లు వరసగా రాష్ట్రాన్ని ఏలిన వామపక్ష కూటమికి ఆ రోజు అసెంబ్లీలో ఒక్క సీటు కూడా దక్కలేదు. "మావాళ్లు పాలించి, సింగూరులో, నందిగ్రాంలో రైతుల మీదికే పోలీసుల్ని పంపి ఓడిపోయారు. మీవాళ్లు అసలు రాజ్యమే ఏలలేదు కదా, మరి మీరెలా ఓడిపోయారు?" అని అడిగింది. అప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబు వెతుక్కుంటూ రాస్తున్నదే ఇది.

మేముండేది ఎస్.ఆర్. నగర్‌లో. ఇక్కడి హాస్టళ్లలో ఉండే ఆడపిల్లల్ని ఎస్.ఆర్. అంటే ఎవరని అడిగితే చాలామంది చెప్పలేరు. నీలం సంజీవరెడ్డి. 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, 1977లో రాష్ట్రపతి. అంతకుముందు 1952లో మద్రాసు శాసనసభకి అనంతపురం నుంచి పోటీచేసి ఓడిపోయారాయన. ఓడించింది అప్పటికి జైల్లో ఉన్న కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి. నాగిరెడ్డి తోబుట్టువు నాగరత్నమ్మే సంజీవరెడ్డి భార్య. నాగిరెడ్డి 1969లో శాసనసభ్యత్వానికి రాజీనామా చేసి విప్లవ రాజకీయాల్లోకి వెళ్లారు. ఎమర్జెన్సీలో, అజ్ఞాతంలో ఉండగానే 1976 జూలై 28న చనిపోయారు. దాదాపు ఏడాదికి సంజీవరెడ్డి రాష్ట్రపతి భవన్‌లో అడుగుపెట్టారు. తెలుగువాళ్ల ఎరుపు రాజకీయాల ఎత్తూ పల్లమూ ఈ ఒక్క కుటుంబంలోనే కనిపిస్తాయి. కానీ ఈ కథ చెప్పినవాళ్లంతా ఇద్దరు మగవాళ్ల పోటీగానే చెప్పారు. నాగరత్నమ్మకి 'సోదరి', 'భార్య' అన్న రెండు మాటలే మిగిలాయి. ఇంట్లో ఉన్న ఆడమనిషి వైపు నుంచి చూస్తే ఈ చరిత్ర ఎలా ఉంటుందన్నది నన్ను చాలా ఏళ్లుగా వెంటాడుతున్న ప్రశ్న.

మా అమ్మమ్మది సూర్యాపేట దగ్గర పల్లె. 1944లో భువనగిరి మహాసభతో ఆంధ్ర మహాసభ కమ్యూనిస్టుల చేతికొచ్చాక ఊళ్లో అందరూ దాన్ని 'సంఘం' అనేవారు. వెట్టి చెయ్యం, బేదఖలు కాం అన్న రెండు మాటలు సంఘానికి బలం. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌ని ఎదిరించి తన పంటని తను దక్కించుకుంది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకి పడిపోయాక సాయుధ పోరాటం మొదలైంది. 1951 అక్టోబరులో విరమించే నాటికి మూడు వేల గ్రామాలు విముక్తమయ్యాయనీ, పది లక్షల ఎకరాలు పంచారనీ, నాలుగు వేలమంది ప్రాణాలిచ్చారనీ పుచ్చలపల్లి సుందరయ్య లెక్క చెప్పారు. 1952లో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకి వెళ్లారు. ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవి శాసనసభకి వెళ్లారు. అటు మద్రాసు రాష్ట్రంలోని ఆంధ్ర ప్రాంతంలో కమ్యూనిస్టులకి 41 సీట్లు వచ్చాయి.

ఈ లెక్కల్లో మా అమ్మమ్మ లేదు. 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్ల 'మనకు తెలియని మన చరిత్ర' వచ్చింది. ఎస్.ఆర్. నగర్‌లో అద్దెగదిలో ఉంటూ రెండు రాత్రుల్లో చదివేశాను. మల్లు స్వరాజ్యం, మోటూరి ఉదయం, దళంలో ఉంటూ కన్నబిడ్డని ఎవరికో అప్పగించాల్సి వచ్చిన కమలమ్మ, ఇంకా ఎంతోమంది తమ మాటల్లో తమ బతుకు చెప్పారు. ఆ వారమే బస్సెక్కి ఊరికి పోయి, "అమ్మమ్మా, నువ్వు పోరాటంల ఏం చేసినవ్?" అని మొదటిసారి అడిగాను. అంతవరకూ ఆ మాట అడగాలని నాకే తోచలేదు, చదువుకున్నదాన్నయి ఉండీ. తాతయ్యని మాత్రం ఎన్నిసార్లు అడిగానో.

ఆమె నవ్వింది. "సంఘపోళ్లకు గటక వండుడే నా పోరాటం బిడ్డా. అర్ధరాత్రి పదిమంది వస్తే పదిమందికి పెట్టిన. పోలీసోళ్లు వచ్చి కుండలు పగలగొడితే మళ్ల కొత్త కుండ తెచ్చిన. పోరాటం ఆపినమని చెప్పిపోయిన్రు గని, వంట ఆపుమని ఎవ్వరు చెప్పలే."

పోరాట విరమణ మీద పార్టీలో ఎంత చర్చ జరిగిందో పుస్తకాలున్నాయి. తుపాకులు పట్టిన ఆడవాళ్లని ఇళ్లకి వెళ్లమన్నప్పుడు, ఏ ఇంటికి వెళ్లాలన్నది ఆ చర్చలో విషయం కాలేదు. కొండపల్లి కోటేశ్వరమ్మ 2012లో 'నిర్జన వారధి' రాసేదాకా చాలామందికి ఆమె కొండపల్లి సీతారామయ్య భార్యగానే తెలుసు. బాలవితంతువుగా ఉండి మళ్లీ పెళ్లి చేసుకున్న మనిషి. ఒంటిమీది బంగారం పార్టీకిచ్చింది, అజ్ఞాతంలో బతికింది. భర్త వదిలేశాక చదువుకుని కాకినాడలో హాస్టల్ మేట్రన్‌గా పనిచేసింది. కొడుకుని ఉద్యమంలో, ఆ తర్వాత కూతుర్నీ పోగొట్టుకుంది. 2018లో వందేళ్లు నిండాక వెళ్లిపోయింది. ఆఖరిదాకా ఎర్రజెండాని తిట్టలేదు. ఆ విశ్వాసాన్ని చూస్తే నాకు గౌరవమూ కోపమూ ఒకేసారి వస్తాయి.

నా అనుభవం వాళ్లతో పోలిస్తే చాలా చిన్నది. విద్యార్థినిగా ఒక సంఘంలో పనిచేశాను. ఒక సీనియర్ కామ్రేడ్ మా తోటి అమ్మాయితో ప్రవర్తించిన తీరు మీద మేం నలుగురం కాగితం రాసిచ్చాం. "ఇది బయటికి పోతే ఉద్యమానికి నష్టం" అన్నారు. ఆ అమ్మాయికి జరిగిన నష్టం ఏ ఖాతాలో రాయాలో ఎవరూ చెప్పలేదు. నలుగురిలో ముగ్గురం ఏడాది తిరక్కుండా బయటికొచ్చేశాం. ఎవరూ మమ్మల్ని వెళ్లగొట్టలేదు, ఎందుకు వెళ్తున్నారని అడగనూ లేదు.

అయితే మా కోపానికి భాష ఇచ్చింది కూడా ఆ ఎడమవైపు రాజకీయాలే. 1974లో ఉస్మానియాలో ప్రగతిశీల మహిళా సంఘం పెట్టిన అమ్మాయిలు, 1978లో రమీజాబీకి జరిగిన అన్యాయం మీద రోడ్డెక్కినవాళ్లు, ఆ తర్వాత స్త్రీశక్తి సంఘటనలో చేరినవాళ్లలో చాలామంది మార్క్సు పుస్తకాలు చదివినవాళ్లే. దోపిడీ అన్న మాటని వాళ్లు పొలం నుంచి వంటింట్లోకి తెచ్చారు.

కమ్యూనిస్టులు ఆడవాళ్ల ప్రశ్నని పట్టించుకోనందువల్లే ఓడిపోయారని అంటే అది నిజం కాదు. 1955లో ఆంధ్ర రాష్ట్రంలో కాంగ్రెసూ దాని మిత్రులూ ఒక్కటయ్యారు. కమ్యూనిస్టులకి 31 శాతం ఓట్లు వచ్చినా 196 సీట్లలో దక్కినవి 15. 1964లో పార్టీ చీలింది, 1967 తర్వాత మళ్లీ చీలింది. శ్రీకాకుళాన్ని ఎన్‌కౌంటర్లు మింగాయి. 1983లో ఎన్.టి.ఆర్. రెండు రూపాయల బియ్యంతో పేదల ఓటు తనవైపు తిప్పుకున్నారు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు జరిగినప్పుడు, వర్గం అన్న ఒక్క మాట సరిపోదని దళితులు నిలదీశారు. 1994లో తెలుగుదేశం పొత్తులో సి.పి.ఐ.కి 19, సి.పి.ఎం.కి 15 సీట్లొచ్చాయి. ఐదేళ్లకి పొత్తు పోయేసరికి ఇద్దరికీ కలిపి మిగిలింది రెండు. 2018లో తెలంగాణలో, 2019లో ఆంధ్రలో ఒక్కటీ లేదు. 2023లో తెలంగాణలో సి.పి.ఐ.కి ఒకటి వచ్చింది. అడవి దారిన వెళ్లినవాళ్ల సంగతి చూస్తే, మావోయిస్టుల ప్రధాన కార్యదర్శి, శ్రీకాకుళం జిల్లాకి చెందిన నంబాళ్ల కేశవరావు 2025 మే 21న ఛత్తీస్‌గఢ్‌లో కాల్పుల్లో చనిపోయాడు.

కారణాలు ఇన్ని ఉన్నా, అన్నింటిలోనూ నాకు ఒకే పోలిక కనబడుతుంది. అన్నం పెట్టినవాళ్లని, జెండా మోసినవాళ్లని, గోడల మీద రాసినవాళ్లని నిర్ణయం చేసే చోట కూర్చోబెట్టలేదు. ఆడవాళ్ల విషయంలో జరిగిందే దళితుల విషయంలోనూ జరిగింది. కష్టకాలంలో ఇంటి తలుపు తీసేది వాళ్లే. ఆ తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. మా స్నేహితురాలికి నేను చెప్పాల్సిన జవాబు అదే. మేం ఎన్నికల్లో ఓడడానికి చాలా ముందే ఇళ్లలో ఓడిపోయాం. విని ఉంటే ఆమె తేభాగాలో రైతు ఆడవాళ్ల సంగతీ, నాచోల్‌లో పోలీసుల చిత్రహింసలు భరించిన ఇలా మిత్రా సంగతీ తీసుకొచ్చి ఉండేది. వాళ్ల కథలోనూ ఈ ఇల్లు ఉంది.

మరి సంతోషించాలా? లేదు. పక్కనే సనత్‌నగర్‌లో ఆల్విన్ గేటు ముందు ఎర్రజెండా సభలు నేను చూశాను. తొంభయ్యవ దశకంలో ఆ కంపెనీ ముక్కలై చేతులు మారింది. ఇప్పుడు మెట్రోలో ఇ.ఎస్.ఐ. స్టేషన్ దాటి ఎస్.ఆర్. నగర్‌లో దిగితే గోడల నిండా కోర్సుల పేర్లు, లేడీస్ హాస్టల్ బోర్డులు. సూర్యాపేట, ఖమ్మం, నల్లగొండ నుంచే ఈ పిల్లలు వస్తారు, అంటే మా అమ్మమ్మ గటక పెట్టిన ఊళ్ల నుంచే. మొన్న ఒకమ్మాయి, "మూడు నెలలుగా జీతం ఇవ్వట్లేదు మేడం, ఎవరికి చెప్పుకోవాలి?" అని అడిగింది. మా రోజుల్లో ఆ ప్రశ్నకి చప్పున జవాబుండేది. ఇప్పుడు ఫోన్లో పాత నంబర్లు వెతుక్కోవాల్సి వచ్చింది.

అలా వెతికితే దొరికిన నంబర్లలో ఎక్కువ ఆడవాళ్లవే. ఆశా వర్కర్లు, మున్సిపల్ కార్మికులు, అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు. వామపక్ష యూనియన్లలో ఇవాళ ఊపిరి ఉన్నది అక్కడే. 2023 డిసెంబరులో ఆంధ్రలో అంగన్‌వాడీలు సమ్మెకి దిగారు. ఎస్మా ప్రయోగించినా లొంగకుండా 42 రోజులు కూర్చున్నారు. టీవీలో చూస్తుంటే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. పిల్లలకి వండిపెట్టే ఆడవాళ్లు ఆ వంట పనేనని, పనికి జీతం ఉంటుందని, ఇవ్వకపోతే ఆపుతామని చెప్పారు.

అమ్మమ్మకి ఎవరూ చెప్పని మాట వాళ్లు తమకి తామే చెప్పుకున్నారు. ఆ యూనియన్ల వేదిక మీద మైకు ఎవరి చేతిలో ఉంటుందో నేను ఇంకా లెక్కపెడుతూనే ఉన్నాను.