మాలెగావ్ సినిమా: మరమగ్గం నుండి కెమెరా వరకు

మహారాష్ట్రలోని నాసిక్ జిల్లా మాలెగావ్ మరమగ్గాల పట్టణం. 1857 తిరుగుబాటును అణచివేసిన తరువాత ఉత్తర హిందూస్థానం నుండి తరలివచ్చిన మోమిన్ నేతగాళ్ళు అక్కడ స్థిరపడ్డారు. కాలక్రమాన చేతిమగ్గం పోయి మరమగ్గం వచ్చింది. నేతగాడు కూలీ అయినాడు. వారానికి ఒక్క శుక్రవారమే సెలవు. ఆనాటి వినోదం సినిమా.

ఈ శుక్రవారపు ప్రేక్షకుల నుండే సినిమా తీసేవాళ్ళు పుట్టారు. వీడియో పార్లరు నడిపే నాసిర్ షేక్, 2000 ప్రాంతంలో, ‘షోలే’ను తన ఊరి మనుషులతో, ఊరి యాసలో, హాస్యంగా తిరిగి తీశాడు. తరువాత ‘సూపర్‌మాన్’ వంతు వచ్చింది. ఆ నిర్మాణగాథనే ఫైజా అహ్మద్ ఖాన్ 2008లో ‘సూపర్‌మెన్ ఆఫ్ మాలెగావ్’ అనే డాక్యుమెంటరీగా తీశారు. చిన్న వీడియో కెమెరా, దాన్ని నడిపించడానికి సైకిలు, పైకెత్తడానికి ఎద్దుబండి: ఇవీ వారి పరికరాలు. సూపర్‌మాన్ వేషగాడు షఫీక్ బక్కపలచని మగ్గం కార్మికుడు.

ఇది వట్టి అనుకరణ అని కొందరనవచ్చు. కథ పరాయిదే, నిజం. కాని ఆ కథలోకి ఊరి జీవితం చొరబడింది. ఈ సూపర్‌మాన్ పోరాడేది పొగాకు వ్యసనంతో. అమెరికా వీరుణ్ణి తమ వీధిలోకి దింపి, తమ బాధను అతనికి అప్పగించారు. 2006, 2008 బాంబు పేలుళ్ళ వార్తలలో మాత్రమే దేశానికి తెలిసిన ఊరు, తన్ను తాను చూసి నవ్వుకోగలిగింది. ఇది స్వల్ప విషయం కాదు.

అయితే కెమెరా చేతికి రావటం వేరు, తీరిక చేతికి రావటం వేరు. మాలెగావ్ చిత్రాలకు రచన చేసిన ఫరోగ్ జాఫ్రీ బొంబాయి పిలుపు కోసం ఎదురుచూస్తూనే ఉండటం ఈ డాక్యుమెంటరీలో చూస్తాం. షఫీక్ 2011లో నోటి క్యాన్సరుతో చనిపోయాడు. ఏ శత్రువుతో తెరమీద పోరాడాడో ఆ శత్రువు నీడే బ్రతుకుమీద పడింది. డాక్యుమెంటరీ మన దేశపు థియేటర్లకు వచ్చింది ఆ మరుసటి ఏడు, 2012లో.

2025లో బొంబాయి చిత్రపరిశ్రమ ‘సూపర్‌బాయ్స్ ఆఫ్ మాలెగావ్’ పేరుతో ఈ గాథను పెద్ద చిత్రంగా విడుదల చేసింది. బొంబాయిని అనుకరించిన ఊరు చివరకు బొంబాయికే ముడిసరుకైనది. నేసిన గుడ్డ విషయంలో ఆ ఊరికి ఈ అనుభవం కొత్త కాదు. ఆ కార్మికుల ప్రతిభను మెచ్చుకుని ఊరుకుంటే చాలదు. వారానికి ఆరు రోజులు మగ్గం మింగివేయగా మిగిలిన ఒక్కరోజులో వారు ఇంత చేశారు. మిగిలిన ఆరు రోజుల లెక్కను కూడా అడగవలసిన బాధ్యత అభ్యుదయ విమర్శపై ఉన్నది.