బిల్లులా కనిపించే ఉత్తరం: డొమైన్ రెన్యువల్ మోసం కథ

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు ఇప్పుడు బట్టల షాపుకు, ట్రావెల్స్‌కు, స్కూలుకు కూడా సొంత వెబ్‌సైట్ ఉంటోంది. డబ్బు కట్టేది ఓనర్. సైట్ చేసిచ్చింది ఎవరో తెలిసిన పిల్లగాడు, పాస్‌వర్డ్ కూడా అతని దగ్గరే. "మీ డొమైన్ గడువు అయిపోతోంది, వెంటనే కట్టండి" అని మెయిల్ వస్తే అది నిజమో కాదో ఓనర్‌కు ఎట్లా తెలుస్తది? అసలు ఈ మోసం ఎక్కడ మొదలైందో ఈరోజు మాట్లాడుకుందాం.

1999 దాకా డాట్ కామ్ పేర్లు అమ్మింది నెట్‌వర్క్ సొల్యూషన్స్ ఒక్కటే. బిల్లు ఎవరు పంపారన్న అనుమానానికి తావే లేదు. 1998లో ఏర్పడిన ఐకాన్ సంస్థ ఆ మరుసటి ఏడాది వేరే కంపెనీలనూ రానిచ్చింది. రేట్లు తగ్గినయ్, మంచిదే. కానీ యజమాని పేరు, చిరునామా, గడువు తేదీ అన్నీ 'హూ ఈజ్' అనే జాబితాలో ఎవరైనా చూసేలా ఉండేవి.

ఆ వివరాలతోనే ఇంటికి ఉత్తరాలు పంపింది డొమైన్ రిజిస్ట్రీ ఆఫ్ అమెరికా. పేరు వింటే సర్కారు ఆఫీసు అనిపిస్తది గానీ, అది కెనడా నుంచి నడిచిన ప్రైవేటు కంపెనీ. ఉత్తరంలో మీ డొమైన్ పేరు నిజం, గడువు నిజం. మీరు వాళ్ల కస్టమర్ కాదన్న సంగతి ఒక్కటే దాచేవాళ్లు. రెన్యువల్ అనుకుని డబ్బు కడితే, మీ డొమైన్‌ను వాళ్ల దగ్గరికి మార్చుకోవడానికి మీరు ఒప్పుకున్నట్టే! 2003 డిసెంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కోర్టుకు వెళ్లి దీన్ని ఆపించింది. 50,000 మంది దాకా డబ్బు వాపసు ఇచ్చే ఏర్పాటూ జరిగింది. అంతటితో ఆగిందా? లేదు. ఆ బాపతు ఉత్తరాల వ్యవహారంలోనే 2014 జులైలో బ్రాండన్ గ్రే అనే రిజిస్ట్రార్‌ను ఐకాన్ 90 రోజులు సస్పెండ్ చేయాల్సి వచ్చింది.

ఇది మనకు కొత్తేం కాదు. విజిట్ వీసా చేతిలో పెట్టి, కంపెనీ వీసా అని గల్ఫ్‌కు ఎక్కించిన ఏజెంట్ల సంగతి మన ఊళ్లకు తెలిసిందే. అక్కడా కాగితం అసలుదే, చెప్పిన మాటే అబద్ధం. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం ఏజెంటుకు లైసెన్సు ఉండాలి. అప్పు చేసే ముందు ఆ లైసెన్సు అడుగుతం కదా, డొమైన్‌కూ అట్లనే అడగాలె: నేను కొన్నది ఎవరి దగ్గర?

2018లో యూరప్ కొత్త చట్టం వచ్చాక యజమానుల పేర్లు చాలావరకు దాచేశారు. రిజిస్ట్రార్ పేరు, గడువు తేదీ మాత్రం ఇప్పటికీ హూ ఈజ్‌లో కనిపిస్తయ్. అంటే దొంగకు పనికొచ్చిన జాబితానే మీకూ పనికొస్తది. మెయిల్‌లో ఉన్న కంపెనీ పేరును దానితో పోల్చండి. పేరు కలిసినా సరే మెయిల్‌లోని లింకు నొక్కకండి, రిజిస్ట్రార్ సైట్‌కు మీరే వెళ్లి కట్టండి. ట్రాన్స్‌ఫర్ లాక్ వేసి ఉంచండి, ట్రాన్స్‌ఫర్ కోడ్ ఎవరికీ చెప్పొద్దు. "మీ పేరుతో చైనాలో ఎవరో డొమైన్ అడుగుతున్నరు, ముందు మీరే కొనండి" అని వచ్చేదీ ఇదే తీరు, జవాబు కూడా ఇయ్యక్కర్లేదు.

ఈ వారమే ఆ సైట్ చేసిన తమ్ముణ్ని పిలిచి, డొమైన్ ఖాతాను మీ మెయిల్ మీదికి మార్పించుకోండి. ఇప్పటికే మోసపోయి డబ్బు కట్టి ఉంటే, బ్యాంకుకు చెప్పి 1930కి ఫోన్ చేయండి.