బెనెడిక్ట్ నియమావళిలో వినయం: మఠ జీవన చరిత్ర నుంచి ఒక పరిశీలన

లాటిన్‌లో వినయాన్ని తెలిపే ‘హుమిలితాస్’ నేలను తెలిపే ‘హుముస్’కు సంబంధించిన మాట. తక్కువ స్థితి అనేది దాని పాత అర్థం. రోమన్ ఉన్నత వర్గాల నోట అది మెచ్చుకోలు కాదు. దానిని సద్గుణంగా నిలిపింది క్రైస్తవం. తెలుగు క్రైస్తవుల వాడుకలోని ‘తగ్గింపు’ ఈ భావానికి దగ్గరగా ఉన్నది. ‘వినయం’ అనే మాటకైతే క్రమశిక్షణ అనే అర్థం కూడా ఉన్నది. బౌద్ధ సంఘ నియమాల సంపుటికి వినయపిటకమనే పేరు ఆ అర్థంలో వచ్చినదే. ఆరవ శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్ట్ మఠవాసులకోసం రచించిన నియమావళిని అర్థం చేసుకోవడానికి ఈ రెండు అర్థాలూ కావాలి.

73 అధ్యాయాల ఆ గ్రంథంలో 7వ అధ్యాయం వినయానికి 12 మెట్లు చెప్పింది. పన్నెండవ శతాబ్దంలో క్లెర్వోకు చెందిన బెర్నార్డ్ వీటి ఆధారంగా ప్రత్యేక గ్రంథమే రచించాడు. అయితే ఆ గుణం దైనందిన జీవితంలో ఎలా అమలు కావాలో తక్కిన అధ్యాయాలే స్పష్టం చేస్తాయి. మఠంలో వరుస వయస్సును బట్టి కాక, చేరిన సమయాన్ని బట్టి ఏర్పడుతుంది. పగటి రెండవ గంటలో వచ్చినవాడు మొదటి గంటలో వచ్చినవానికంటె చిన్న. తగిన కారణం లేకుండా, బానిసత్వం నుంచి వచ్చినవానికంటె స్వతంత్రునికి పెద్దపీట వేయరాదు. వంటపని వారాలవారీగా వంతు. వారం చివర అందరి పాదాలూ కడగాలి. తన పనితనం చూసుకొని గర్వించే శిల్పిని ఆ పనినుంచే తప్పించాలి. గ్రంథం గాని, రాసే పలక గాని, గంటం గాని ఎవరికీ సొంతం కాదు.

ఈ ఏర్పాటు అందరికీ ఒకటే అయినా, దాని ఫలితం ఒకటి కాదు. ఉన్నత వంశీయునికి అది నష్టం. బానిసగా పుట్టినవానికి అంతకుముందెన్నడూ లేని స్థానం. వదులుకోవడానికి ఏమీ లేనివానికి ఆత్మపరిత్యాగమంటే ఏమిటి? దానిని కేవలం అంతరంగ సాధనగా వివరించే వ్యాఖ్యానాలు ఈ ప్రశ్నను దాటవేస్తాయి.

సొంత ఇష్టాన్ని మాత్రం ఇద్దరూ సమానంగా విడవవలసిందే. ముఖ్య విషయాలలో మఠాధిపతి అందరినీ, చిన్నవారితో సహా, సంప్రదించాలి, నిర్ణయం ఆయనదే. అసాధ్యమైన ఆజ్ఞ అందుకున్నవాడు తన ఇబ్బందిని ఓర్పుతో విన్నవించవచ్చు; ఆయన పట్టు వదలకపోతే శిరసావహించాలి. మఠాధిపతి వినయానికి హామీ ఏది? దేవునికి లెక్క చెప్పవలసి ఉంటుందని నియమావళి ఆయనను పదేపదే హెచ్చరించింది. దుర్గుణాలకు కొమ్ముకాసే వ్యక్తిని మఠవాసులు ఎన్నుకుంటే బిషప్పు, ఇరుగుపొరుగు మఠాధిపతులు, క్రైస్తవులు అడ్డుకోవాలని 64వ అధ్యాయం చెప్పింది. ఆ జోక్యం ఎన్నిక సందర్భంలో చెప్పినదే.