పనికో పేట

చాలా ఏళ్ళ క్రితం బాలానగర్ వైపు వెళ్ళే సిటీబస్సులో కండక్టరు "ఐడీపీఎల్!" అని కేకవేస్తే అదొక ఊరి పేరనుకున్నాను. మందుల కర్మాగారమని తరువాత తెలిసింది. మహానగరంలో ఫలానా పని ఫలానా పేటలోనే ఎందుకు గూడు కట్టుకుంటుందన్న ఆలోచన నాకు అక్కడే మొదలయింది.

హైదరాబాదుకు ఇది కొత్త కాదు. లాడ్ బజారులో లక్కగాజులు, పత్తర్‌గట్టీలో ముత్యాలు. ముత్యం పుట్టే సముద్రం ఇక్కడికెంత దూరమో చూడండి! సరుకు పుట్టిన చోటు కాదు, కొనేవారూ, ముత్యానికి బెజ్జం వేయగల చేతులూ ఉన్న చోటే బజారయింది.

ఆంగ్ల ఆర్థికవేత్త ఆల్ఫ్రెడ్ మార్షల్ 1890లో ప్రచురించిన గ్రంథంలో ఈ సంగతి చర్చించాడు. ఒక వృత్తి ఒకచోట కుదురుకుంటే నేర్పరులైన పనివారు అక్కడే దొరుకుతారు. అనుబంధ వ్యాపారాలు చుట్టూ చేరతాయి. పనిలోని మెలకువలు ఒకరినుంచి ఒకరికి పాకుతాయి.

మన మందుల పరిశ్రమ కథ కూడా అంతే. ప్రభుత్వరంగంలో ఐడీపీఎల్ 1961లో ఏర్పడింది. సోవియట్ సహకారంతో దాని కర్మాగారాలలో ఒకటి హైదరాబాదుకు వచ్చింది. ఆపైన 1970 నాటి పేటెంటు చట్టం 1972లో అమలుకు వచ్చి, మందుల విషయంలో తయారీ విధానానికి మాత్రమే హక్కునిచ్చింది. అదే మందును వేరే దారిలో చేయగల రసాయనశాస్త్రజ్ఞుడికి దాంతో విలువ పెరిగింది. అటువంటివారు ఇక్కడ అప్పటికే తయారవుతున్నారు. ఐడీపీఎల్‌లో పనిచేసిన కల్లం అంజిరెడ్డిగారు 1984లో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ స్థాపించారు. జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు ప్రాంతాలు మందుల పేటలయ్యాయి. తల్లి సంస్థను 1992లో ఖాయిలా పరిశ్రమగా ప్రకటించారు; అక్కడ నేర్చిన విద్య మాత్రం ఊరు విడిచిపోలేదు.

అయితే మార్షల్ చెప్పిన లాభాల పక్కన నేనొక నష్టాన్ని కూడా రాసుకున్నాను. పరిశ్రమలు ఒకచోట చేరితే వాటి వ్యర్థాలూ అక్కడే చేరతాయి. పటాన్‌చెరు దగ్గరి నక్కవాగు కలుషితమై, ఆ వివాదం 1990లో సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది. కర్మాగారంలో నేర్చిన విద్య అక్కడ పనిచేసినవారికి అబ్బింది. చెడిన నీరు మాత్రం, ఆ గేటు లోపల ఏనాడూ అడుగుపెట్టని రైతుల పొలాలకు చేరింది. హైదరాబాదు మందుల చరిత్ర రాసేవారు ఆ రైతులకు కూడా ఒక పుట కేటాయించాలని నా కోరిక.